క్లబ్బంతా కలిసి 200 కిలోమీటర్లు: ఆఖరి సైకిల్‌ని బట్టి రైడ్ ఎలా కట్టాలి

హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో తెల్లవారుజామున నాలుగున్నరకి పద్దెనిమిది మంది సైకిళ్లతో నిలబడ్డారనుకోండి. వాళ్లలో ముగ్గురు గంటకు 28 కిలోమీటర్ల వేగంతో అలవోకగా పోతారు. ఎక్కువమంది 22, 23 దగ్గర హాయిగా తొక్కుతారు. ఇద్దరు మాత్రం 19 దాటితే ఆయాసపడతారు. ఈ రైడ్ ఎవరిది అంటే ఆ ఇద్దరిది. బయల్దేరే టైం, ఆగే చోట్లు, తిండి, వెనక్కి తిరిగే గడువు అన్నీ వాళ్ల వేగం మీదే కట్టాలి. అలా కడితే పద్దెనిమిది మందీ వెలుతురు ఉండగానే తిరిగొస్తారు. ముందుండే ముగ్గురిని చూసి కడితే మధ్యాహ్నానికి గ్రూపు మూడు ముక్కలవుతుంది, ఆఖరి ముక్క చీకట్లో హైవే మీద మిగులుతుంది.

మీ క్లబ్బులో మొదటిసారి 200 కిలోమీటర్ల రైడ్ పెట్టాలనుకుంటున్నారా? అయితే నేను చెప్పే వరసలో చేయండి.

ముందు దారి తేల్చుకోండి

ఉదాహరణకి మహబూబ్‌నగర్ దగ్గరున్న పాత మర్రిచెట్టు, పిల్లలమర్రి దాకా రైడ్ తీసుకుందాం. ఆరాంఘర్ నుంచి శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్, రాజాపూర్, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్, అక్కడి నుంచి కాస్త ముందుకెళ్తే పిల్లలమర్రి. చాలావరకు బెంగళూరు హైవే, అంటే 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ల నోట అది ఇప్పటికీ 7వ నంబరే. వెళ్లి రావడానికి 190 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. ఇంటి నుంచి ఆరాంఘర్ దాకా వచ్చి పోయేది కలిపితే చాలామందికి 200 దాటుతుంది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూ వీలర్లకి అనుమతి లేదు కాబట్టి మెహదీపట్నం వైపు వాళ్లు కింది రోడ్డులోనే రావాలి.

మొదటి 200కి నేను ఈ దారే ఎందుకు చెబుతానంటే, ఇక్కడ ఏ పదిహేను, ఇరవై కిలోమీటర్లకో ఒక ఊరు తగులుతుంది. టీ కొట్టు, మెడికల్ షాపు, పంక్చర్ షాపు దొరుకుతాయి. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మూడింటికీ రైల్వే స్టేషన్ ఉంది. ఎవరైనా మధ్యలో ఆగిపోవాల్సి వస్తే ఇంటికి చేర్చే మార్గం ఉంటుంది. శ్రీశైలం ఘాట్ ఇంతకంటే ఎంతో అందంగా ఉంటుంది, నిజమే. కానీ అమ్రాబాద్ అడవిలో ఫోన్ సిగ్నల్ అందని చోట ఒకరు పడిపోతే మీ దగ్గర జవాబు ఉండదు. దాన్ని మూడో రైడ్‌కో నాలుగో రైడ్‌కో దాచుకోండి.

దారి తేల్చుకున్నాక ఒక ఆదివారం బైక్ మీదో కారులోనో వెళ్లి చూసి రండి. మ్యాప్‌లో కనిపించనివి రాసుకోవాలి: ఏ ఫ్లైఓవర్ దగ్గర సర్వీసు రోడ్డు విడిపోతుంది, టిఫిన్ హోటల్ మనం వెళ్లే వైపే ఉందా, టోల్ గేటు ముందు రంబుల్ స్ట్రిప్స్ (వేగం తగ్గించడానికి రోడ్డుకి అడ్డంగా వేసే ఎత్తు పట్టీలు) ఎంత దూరం ఉన్నాయి, టాయిలెట్ ఎక్కడ శుభ్రంగా ఉంది. ఈ చివరిది ఆడవాళ్లతో కలిసి చూసుకోవాలి. మగవాళ్లు రాసుకొచ్చిన లిస్టులో ఇది పెట్రోల్ బంకు పేరు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ తలుపుకి గడియ ఉందో లేదో, నీళ్లు వస్తున్నాయో లేదో వాళ్లకి తెలియదు.

గడియారం వెనక నుంచి కట్టండి

నవంబరు మధ్యలో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం దాదాపు 5:40కి. కాబట్టి ఆఖరి రైడర్ సాయంత్రం 5 గంటలకి ఆరాంఘర్‌లో ఉండాలని పెట్టుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 190 కిలోమీటర్లు గంటకు 19 చొప్పున తొక్కితే 10 గంటలు. ఆగడానికి గంటా ముప్పావు: వెళ్లేటప్పుడు షాద్‌నగర్‌లో టిఫిన్‌కి 25 నిమిషాలు, బాలానగర్‌లో 10, పిల్లలమర్రిలో 25, జడ్చర్లలో భోజనానికి 30, తిరిగొచ్చేటప్పుడు షాద్‌నగర్‌లో టీకి 15. పంక్చర్లకీ, అనుకోనివాటికీ ముప్పావు గంట. మొత్తం పన్నెండున్నర గంటలు. అంటే చక్రం తిరగాల్సింది నాలుగున్నరకి. రమ్మని చెప్పాల్సింది నాలుగింటికి.

ప్రపంచమంతా బ్రెవేలు, అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు, నడిపే పారిస్ ఆడాక్స్ క్లబ్ 200 కిలోమీటర్లకి ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. మన లెక్క దాని లోపలే ఉంది కాబట్టి కొత్తవాళ్లకి ఇది అసాధ్యమేమీ కాదని ధైర్యం చెప్పొచ్చు. బాగా కుదిరాక అసలు బ్రెవే చేయాలనిపిస్తే హైదరాబాద్ రాండోనీర్స్ లాంటి క్లబ్బులు నడుపుతుంటాయి.

తరవాత గడువులు రాయండి. మన లెక్క ప్రకారం ఆఖరివాళ్లు 9 గంటల ప్రాంతంలో జడ్చర్ల చేరతారు. 9:45 దాటి చేరినవాళ్లు అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. వాళ్లకి అది 150 కిలోమీటర్ల రైడ్ అవుతుంది, అది చిన్న విషయం కాదు. ఈ మాట రైడ్‌కి వారం ముందే గ్రూపులో అందరికీ చెప్పండి. రోడ్డు మీద, అలసిపోయి ఉన్న మనిషికి అప్పటికప్పుడు చెబితే అవమానంగా అనిపిస్తుంది. ముందే తెలిసి ఉంటే అదొక పద్ధతిలాగే ఉంటుంది.

ఎవరు రావచ్చు

గత రెండు నెలల్లో కనీసం రెండుసార్లు 100 కిలోమీటర్లు తొక్కినవాళ్లు, ఒకసారైనా 130 దాకా వెళ్లినవాళ్లు రావచ్చు. ఇందులో మొహమాటం వద్దు. స్నేహితుడని, ఉత్సాహం ఉందని తీసుకెళితే ఆ భారం పడేది అతని మోకాళ్ల మీదే. రానివాళ్లకి ఒక దారి చూపించండి: వారం వారం పది, పదిహేను కిలోమీటర్లు పెంచుకుంటూ వస్తే తరవాతి రైడ్‌కి తయారవుతారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, వారం మధ్యలో ప్రాక్టీసుకి అది బాగుంటుంది. కాకపోతే అక్కడ పిల్లలు, అప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు తిరుగుతుంటారు. గుంపుగా స్పీడ్ ప్రాక్టీసు అక్కడ చేయొద్దు.

వచ్చేవాళ్లందరి పేరు, బ్లడ్ గ్రూపు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు, వాడుతున్న మందులు కాగితం మీద రాసి ముగ్గురి దగ్గర ఉంచండి. ఫోన్‌లో ఒక్కటే ఉంటే చాలదు. ఫోన్లు చార్జింగ్ అయిపోయేది సరిగ్గా అవసరమైన రోజే.

సైకిల్, ముఖ్యంగా టైరు

గేర్లు, బ్రేకులు, చైన్‌కి నూనె, ఇవన్నీ రెండు రోజుల ముందే షాపులో చూపించుకోవాలి. ముందు రోజు రాత్రి కొత్త పార్టు ఏదీ వేయకండి, సీటు ఎత్తు మార్చకండి. ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు, రిఫ్లెక్టర్ జాకెట్, హెల్మెట్ లేనివాళ్లని బయల్దేరనివ్వకండి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ వేసుకుంటే లోపల డ్రాయరు వేసుకోకూడదని కొత్తవాళ్లకి విడిగా చెప్పాలి. సిగ్గుపడి ఎవరూ అడగరు, వంద కిలోమీటర్ల తరవాత ఒరుసుకుపోయి ఏడుస్తారు. ఒరుసుకునే చోట పెట్రోలియం జెల్లీ రాసుకుంటే చాలు.

అసలు సమస్య పంక్చర్లు. హైవే మీద సైకిల్‌కి పంక్చర్ చేసేది మేకులు, గాజుపెంకుల కన్నా ఎక్కువగా లారీ టైర్ల తీగ. పేలిపోయిన లారీ టైర్ల ముక్కలు రోడ్డు అంచున పడి ఉంటాయి. వాటిలోంచి వెంట్రుకంత సన్నటి స్టీలు తీగ ముక్కలు రాలి షోల్డర్ మీద, అంటే మనం తొక్కే రోడ్డు అంచు పట్టీ మీద, పరుచుకుంటాయి. మన టైరు పోయేది సరిగ్గా వాటి మీదే.

కొత్తవాళ్లు చేసే తప్పేమిటంటే ట్యూబు మార్చి, గాలి కొట్టి బయల్దేరిపోతారు. రెండు కిలోమీటర్లకే మళ్లీ గాలి పోతుంది, ఎందుకంటే తీగ టైరులోనే ఉంది. కాబట్టి ఇలా చేయండి. పాత ట్యూబు తీయగానే పారేయకుండా కాస్త గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని తిప్పండి. గాలి ఎక్కడ తగులుతుందో చెంపకి వెంటనే తెలుస్తుంది. వాల్వు నుంచి ఆ చిల్లు ఎంత దూరంలో ఉందో చూసుకుని టైరు మీద అదే దూరంలో వెతకండి. లోపలి వైపు పాత చేతిరుమాలు పెట్టి మెల్లగా తిప్పితే దారం చిక్కుకుని లాగినట్టు ఒకచోట పట్టుకుంటుంది. అక్కడ టైరుని వేళ్లతో వంచితే మెరుస్తూ చిన్న మొన కనిపిస్తుంది. గోళ్లతో రాదు. నెయిల్ కట్టర్‌తో పట్టి లోపలి నుంచో బయటి నుంచో, ఎటు ఎక్కువ పొడుచుకుని ఉంటే అటు లాగాలి. బయటికొచ్చాక చూస్తే గింజ మీది నూగంత ఉంటుంది. చేతిలో పెట్టుకుని చూసిన ప్రతివాళ్లూ ఇంత చిన్నదా అంటారు. అందుకే మా కిట్‌లో రెండు ట్యూబులు, టైరు లివర్లు, ప్యాచ్‌లు, పంపుతో పాటు నెయిల్ కట్టర్ తప్పనిసరి. రైడ్‌కి వారం ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ప్రతి ఒక్కరితో ఒకసారి ట్యూబు మార్పించండి. ఒక గంట పని.

ఎవరి బాధ్యత ఏమిటి

కలిసి తొక్కే ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1897లో ఇటలీలో ఓ డజను మంది రోమ్ నుంచి నేపుల్స్ దాకా 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో తొక్కడానికి పూనుకున్నారు. ఆడాక్స్ అనే పేరు ఆ ప్రయత్నంతోనే పుట్టింది. 1904లో ఫ్రాన్స్‌లో దానికి నియమాలు రాశారు. ఆ పాత పద్ధతిలో ఇప్పటికీ రైడ్ కెప్టెన్ గంటకు 22.5 కిలోమీటర్ల వేగం పట్టిస్తాడు, అతన్ని దాటి ఎవరూ ముందుకెళ్లకూడదు. మన రైడ్‌కి అంత కట్టుదిట్టం అక్కర్లేదు కానీ అందులోని అసలు సంగతి తీసుకోవాలి: ముందు నడిపేవాళ్లు తమ కాళ్లని కాదు, వెనకవాళ్లని చూసి తొక్కాలి.

పద్దెనిమిది మందిని ఆరేసి మందితో మూడు గ్రూపులు చేయండి. ఒక్కో గ్రూపుకి ముందు ఒకరు, వెనక ఒకరు అనుభవం ఉన్నవాళ్లు. గ్రూపుల మధ్య రెండు మూడు వందల మీటర్లు వదలాలి. పద్దెనిమిది సైకిళ్లు ఒకే బారుగా పోతే దాటే బస్సుకి మధ్యలో దూరే చోటు దొరక్క మనల్నే ఒత్తుకుంటూ పోతుంది. అందరికన్నా చివర స్వీప్. క్లబ్బులో బాగా తొక్కేవాళ్లకే ఆ పని ఇవ్వండి. ఆగి, సాయం చేసి, మళ్లీ అందుకునే శక్తి ఉండాల్సింది స్వీప్‌కే.

నాలుగేళ్ల కిందట ఈ దారిలోనే నేను స్వీప్‌గా ఉన్నాను. షాద్‌నగర్ దాటాక మా వాళ్లలో ఒకతను ఫ్లైఓవర్ ఎక్కకుండా మూత్రానికని సర్వీసు రోడ్డులోకి దిగాడు. సరిగ్గా అప్పుడే నేను పైనుంచి దాటిపోయాను. ముందు కనిపిస్తున్న వెనకలైటు అతనిదే అనుకున్నాను. జడ్చర్లలో లెక్కపెడితే ఒకరు తక్కువ. ఫోన్ స్విచాఫ్. నేనూ ఇంకొకతనూ వెనక్కి బయల్దేరాం. బాలానగర్‌కి ఇవతల వేపచెట్టు కింద సైకిల్ బోర్లించి కూర్చుని ఉన్నాడు. రెండు ట్యూబులూ పోయాయి. గంట పైనే అయిందట. నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నా, మీరు వెనకే ఉన్నారనుకున్నా" అన్నాడు. ఆ రోజు నుంచి మా క్లబ్బులో ఈ మూడు పద్ధతులు తప్పవు.

ఒకటి, ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. ఆగిన ప్రతిచోటా, బయల్దేరే ముందు ఒకటి నుంచి పద్దెనిమిది దాకా ఎవరి నంబరు వాళ్లే గట్టిగా చెప్పాలి. తల లెక్కపెడితే తప్పుతుంది, టీ కొట్టులో కూర్చున్న ఇంకెవరో కూడా లెక్కలో పడిపోతారు. రెండు, ప్రతి ఒక్కరికీ ఒక జంట. జంటకి చెప్పకుండా ఎవరూ ఆగకూడదు. మూడు, ఫ్లైఓవర్ వచ్చిన ప్రతిచోటా పైనుంచా కిందనుంచా అనేది ముందే రాసి ఉండాలి, అందరూ అటే. పైనుంచి వెళ్లేటప్పుడు ఎడమ అంచునే ఉండి, దిగే చోట సర్వీసు రోడ్డు కలిసే దగ్గర వెనక్కి తిరిగి చూడాలి. అక్కడ ఎడమ నుంచి ఆటోలు ఒక్కసారిగా పైకొస్తాయి.

రోడ్డు మీద

మొదటి గంటన్నర చీకటి. ఈ దారిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కదిలే లారీ కాదు, ఆగిన లారీ. డ్రైవరు నిద్రకని షోల్డర్‌లో ఆపి, లైట్లన్నీ ఆర్పి పడుకుంటాడు. ఇరవై టన్నుల ఇనుము చీకట్లో చీకటిలాగే ఉంటుంది. తల దించి ముందువాళ్ల చక్రమే చూస్తూ తొక్కేవాళ్లు నేరుగా వెళ్లి గుద్దుకుంటారు. కాబట్టి తెల్లారేదాకా వేగం 20 దాటొద్దు, మధ్య దూరం రెండు సైకిళ్ల నిడివి ఉండాలి, ముందున్న మనిషి లైటు రోడ్డు మీదికి కొద్దిగా వంచి పెట్టుకోవాలి. ఆగిన లారీ కనబడగానే "లారీ!" అని అరిచి, వెనక్కి చూసి, చెయ్యి చాపి, అప్పుడు కుడికి రావాలి. ఆ వరస తప్పకూడదు. పత్తి సీజన్‌లో పత్తి నింపుకుని జడ్చర్ల వైపు పోయే ట్రాక్టర్లు కూడా ఇలాంటివే, చాలావాటికి వెనకలైటు ఉండదు.

తెల్లారాక దగ్గరగా రావచ్చు. ముందు చక్రానికీ ముందువాళ్ల వెనక చక్రానికీ మధ్య ఒక మీటరు. అంతకన్నా దగ్గరికి రావడం అనుభవం ఉన్నవాళ్ల పని. చక్రం పక్కన చక్రం మాత్రం ఎప్పుడూ రానివ్వకండి. ముందువాళ్లు కాస్త పక్కకి జరిగితే మీ ముందు చక్రానికి తగులుతుంది, పడేది మీరే. ఇలా ఒకరి వెనక ఒకరు తొక్కితే (దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు) వెనకవాళ్లకి గాలి తాకిడి తగ్గి పావు వంతు శ్రమ, ఒక్కోసారి ఇంకా ఎక్కువే మిగులుతుంది. అందుకే ముందుండే పని పంచుకోవాలి. ముందున్నవాళ్లు ఐదు నిమిషాలు లాగాక, వెనక్కి చూసి వాహనాలు లేవని తేల్చుకుని, మోచెయ్యి ఆడించి కొద్దిగా కుడికి జరిగి తొక్కడం తగ్గిస్తారు. రెండోవాళ్లు ముందుకొస్తారు. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. ముందుకి రాగానే ఉత్సాహంతో వేగం పెంచేస్తారు. పెంచకూడదు. మీటర్‌లో 22 ఉంటే 22 మీదే ఉండాలి. ముందు మీరు ఒక్క కిలోమీటరు వేగం పెంచితే ఆరో సైకిల్ ఆ ఖాళీ పూడ్చుకోవడానికి మూడు నాలుగు పెంచాల్సి వస్తుంది. అలా పదిసార్లు జరిగితే ఆ మనిషి కాళ్లు అయిపోతాయి. ఆఖరివాళ్లు 19 మనుషులైతే వాళ్లున్న గ్రూపు 19 మీదే నడుస్తుంది, వాళ్లిద్దరినీ ముందుకి పిలవనక్కర్లేదు.

అరుపులు పొట్టిగా ఉండాలి: గుంత, లారీ, ఆగుతున్నా, బండి వెనక. ముందు నుంచి వచ్చిన అరుపు ఒక్కొక్కరూ వెనక్కి అందించాలి. షోల్డర్‌లో ఎదురు వచ్చే బైకులకి ఒక అరుపు పెట్టుకోండి, అవి రోజూ ఉంటాయి. వాటికి ఎడమ అంచునే దారిచ్చి నెమ్మదించండి, వాళ్లతో వాదనకి ఆగొద్దు. మన టిఫిన్ హోటల్ అవతల ఉందని మనమూ రాంగ్ రూట్‌లో పోవద్దు. సర్వీసు రోడ్లలో ఈ నెలల్లో మక్కలు, వడ్లు ఎండబోసి చుట్టూ రాళ్లు పెడతారు. ఆ గింజల మీద టైరు నూనె మీద జారినట్టు జారుతుంది. దిగి నడిపించుకుంటూ దాటండి. అది ఒక రైతు ఆరు నెలల కష్టం, తొక్కుకుంటూ పోవడానికి మనకి హక్కు లేదు.

తిండి, నీళ్లు

ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. అంటే గంటకు ఒక అరటిపండు, ఒక పల్లీపట్టీ. ప్రతి 40 నిమిషాలకీ స్వీప్ విజిల్ వేస్తే అందరూ ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలని మేము పెట్టుకున్నాం. షాద్‌నగర్‌లో టిఫిన్ అంటే ఇడ్లీ, ఉప్మా. పూరీ, వడ నూనెకి కడుపులో బరువెక్కి బాలానగర్ దాకా తేన్పులతోనే సరిపోతుంది. జడ్చర్ల భోజనంలో పెరుగన్నం చాలు. బిర్యానీ తినాలనిపిస్తే ఇంటికి చేరాక తినండి.

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు. రెండు సీసాల్లో ఒకటి మామూలు నీళ్లు, ఒకటి ఓఆర్ఎస్. రోజంతా ఒట్టి నీళ్లే తాగితే ఒంట్లో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి వస్తాయి. ఓఆర్ఎస్ అంటే మెడికల్ షాపులో దొరికే, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో కలపాలి, అర లీటరులో కాదు. టెట్రా ప్యాక్‌లో తియ్యగా దొరికే పానీయాలు ఓఆర్ఎస్ కావు. ఆ పేరుతో చక్కెర నీళ్లు అమ్మొద్దని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశమిచ్చింది.

చలికాలం మొదట్లో వెళితే బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంటారు. బాలానగర్ రకం అని దేశమంతా పేరున్న సీతాఫలం ఆ ఊరిదే. ఆ 10 నిమిషాల ఆగుడు నేను అందుకే పెట్టాను. కొనేటప్పుడు "పట్నం నుంచి సైకిళ్ల మీదే వచ్చిన్రా బిడ్డా!" అని అమ్మే అవ్వ అడుగుతుంది. ఒక పండు ఇద్దరు పంచుకోండి, గింజలు రోడ్డు మీద ఉమ్మకండి.

పిల్లలమర్రి, తిరుగుప్రయాణం

అనుకున్నట్టు జరిగితే పదిన్నర లోపే ఆఖరివాళ్లూ అక్కడ ఉంటారు. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే మర్రి. ఊడలన్నీ మానులై, అసలు మొదలు ఏదో తెలియదు. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే మనిషికి సెలైన్ ఎక్కించినట్టే సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ చెట్టు కింద అందరితో కలిసి దిగిన ఫోటో నాకు ఏ మెడల్ కన్నా ఎక్కువ. ఇరవై ఐదు నిమిషాలకి మాత్రం లేవండి. కాళ్లు చల్లబడితే మళ్లీ కదలవు.

కష్టమంతా తిరుగుప్రయాణంలోనే ఉంది, దానికి కారణం గాలి. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు వైపుల నుంచి వస్తుంది. మనం వెళ్లేది దక్షిణానికి కాబట్టి పొద్దున వీపున తోస్తుంది. మీటర్‌లో 26 కనిపిస్తే ఫామ్‌లో ఉన్నామనుకుంటాం. అది గాలి ఇచ్చిన అప్పు. మధ్యాహ్నం ఎదురుగాలిలో ఎండలో తీర్చాలి. పైగా జడ్చర్ల నుంచి షాద్‌నగర్ దాకా రోడ్డు మొత్తం మీద ఎక్కుడే. అందుకే పొద్దున మిగిలిన కాళ్లు దాచుకోమని లీడ్‌లకి మరీ మరీ చెప్పాలి. భోజనం తరవాత మూడు గ్రూపులని మళ్లీ కలపండి. ప్రతి గ్రూపులో ఇద్దరు బలమైనవాళ్లు ఉండేలా పంచి, గాలి ముందు వాళ్లనే పెట్టండి. పొద్దున ఎదురు చూడాల్సి వచ్చిందని విసుక్కున్న ఆ ముగ్గురూ ఇప్పుడు అందరికీ పెద్దన్నయ్యలవుతారు. వాళ్లకి కూడా రైడ్‌లో బాగా గుర్తుండేది ఈ గంటలే.

ఈ దశలో ఎవరైనా మాట్లాడడం మానేస్తే, సంబంధం లేని జవాబులిస్తే, ఎండలో చలిగా ఉందంటే వెంటనే ఆపండి. నీడలో కూర్చోబెట్టి, తలా మెడా తడిపి, ఓఆర్ఎస్ పట్టించండి. ఇరవై నిమిషాలకీ తేరుకోకపోతే అక్కడితో ఆపేయాలి. దగ్గర్లో ట్రాలీ ఆటో మాట్లాడి మనిషినీ, సైకిల్‌నీ ఎక్కించి, జంటని తోడు పంపాలి. మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతుంటే ఇరవై నిమిషాలు కూడా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలినా అంతే. హైవే సాయానికి 1033 ఉంది. చెప్పాల్సింది ఊరి పేరు ఒక్కటే కాదు, రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీది అంకె, ఎటు వైపు వెళ్లే రోడ్డో కూడా. పడినవాళ్లని రోడ్డు మీంచి పక్కకి తెచ్చే ముందు ఒకరు యాభై మీటర్లు వెనక నిలబడి, లైటు ఊపుతూ బండ్లని మళ్లించాలి. మెడ నొప్పి అంటే కదిలించొద్దు, హెల్మెట్ తీయొద్దు.

శంషాబాద్ నుంచి ఆరాంఘర్ దాకా సాయంత్రం ట్రాఫిక్ దట్టంగా ఉంటుంది. అక్కడ డ్రాఫ్టింగ్ అంతా మానేసి, దూరాలు పెంచి, లైట్లు వేసుకుని మామూలుగా తొక్కండి. పన్నెండు గంటలు తొక్కిన చేతులకి బ్రేకు ఒక క్షణం ఆలస్యంగా అందుతుంది.

ఆరాంఘర్ చేరాక ముందొచ్చినవాళ్లని ఇళ్లకి వెళ్లనివ్వకండి. స్వీప్ వచ్చేదాకా అందరూ ఉండాలి. ఆఖరి సైకిల్ వచ్చాక ఒకటి నుంచి పద్దెనిమిది దాకా నంబర్లు మళ్లీ చెప్పించండి. జడ్చర్లలో తిరిగినవాళ్ల నంబర్లకి వాళ్ల జంట జవాబివ్వాలి. తరవాత, ఇంటికి చేరగానే ఎవరి నంబరు వాళ్లు గ్రూపులో పెట్టమనండి. రాత్రి తొమ్మిదింటికి ఏ నంబరు రాకపోతే వాళ్ల ఇంటికి స్వీప్ ఫోన్ చేయాలి. పద్దెనిమిదో నంబరు పడేదాకా మీ కాగితం మడవకండి.